గుమ్మడికాయ హాజరు

ప్రభుత్వం వారి లెక్కలో కిందటి చలికాలమంతా మా ఆయన బడికి వెళ్ళలేదు. మా ఇంటి లెక్కలో ఆదివారాలు తప్ప రోజూ వెళ్ళారు. పొద్దున్నే నేను కట్టిచ్చిన క్యారేజీ సాయంత్రానికి ఖాళీగా తిరిగొచ్చేది. కాకపోతే క్యారేజీ అన్నది ఎక్కడ కూర్చుని తిన్నా ఖాళీ అవుతుంది కాబట్టి దాన్ని సాక్ష్యంగా ఎవరూ ఒప్పుకోరు.

మేం ఉండేది జి.మాడుగులలో. ఆయన పేరు లక్ష్మీప్రసాద్. ఆయన బడి రాయిగరువు అనే ఊళ్ళో, కొండమీద. కొంత దూరం మోటారుసైకిలు, అది మొరాయించిన చోటి నుంచి కాళ్ళు. ఒకటే గది, ఒకరే మాస్టారు, ఐదు తరగతులు. ఇంట్లో నేను, మా అత్తగారు రత్నాలు. డిగ్రీలో నేను కంప్యూటర్లు చదివాను. ఆ చదువు అప్పటిదాకా మా అత్తగారి ఫోన్లో భజన పాటలు ఎక్కించడానికి పనికొచ్చింది.

మాస్టర్లు ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకోవాలి. దానికో యాప్ ఉంది. రాయిగరువు బడిలో నిలబడితే సిగ్నల్ ఉండదు. సిగ్నల్ దొరికే రాతిబండ మీద నిలబడితే 'మీరు పాఠశాల ఆవరణలో లేరు' అంటుంది యాప్. దీపావళి దాకా ఆయన ఫోను నెత్తిమీదికి ఎత్తి పట్టుకుని ఆ రెండింటి మధ్యా తిరుగుతూ ఉండేవారు. మొదట్లో ఊరివాళ్ళు అదేదో మొక్కు అనుకున్నారట.

దీపావళి వెళ్ళాక మాస్టర్ల గ్రూపులో ఒక లింకు వచ్చింది. పంపినది మండల విద్యాశాఖ ఆఫీసులో పనిచేసే గణపతిరావు గారు. 'కొత్త వెర్షన్. సిగ్నల్ లేకున్నను పనిచేయును. అందరూ తక్షణం వేసుకొనవలెను.' దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటిలో ఒక జత మా ఆయనవి. పాతది తీసేసి కొత్తది వేసుకున్నారు. అదే నీలం పట్టీ, అదే ముద్ర, మొహం పెట్టడానికి అదే గుండ్రటి గీత, చివర ధన్యవాదాలు చెప్పే అదే ఆడగొంతు. తేడా అల్లా ఒక్కటే. ఇది పనిచేసేది.

"ఇన్నాళ్ళకి ఎవరో మన గురించి ఆలోచించారు ప్రసన్నా," అన్నారు ఆ సాయంత్రం. పెళ్ళి ఫొటోల్లో కూడా ఆయన మొహం అంత వెలుగుగా లేదు.

ఆ తర్వాత కాఫీ పళ్ళు ఎరుపెక్కాయి. ఆ రోజుల్లో కొండమీద ఇళ్ళలో మనుషులుండరు. తెల్లారేసరికి ముసలీ ముతకా సహా అందరూ తోటల్లో ఉంటారు. పిల్లలూ తల్లుల వెనకాలే వెళ్ళిపోతారు. వేరే మాస్టర్లు బడి తెరిచి, ఖాళీ బల్లలు చూసుకుని, మూసుకుని వస్తారు. మా ఆయన బడికి తాళం పెట్టి నల్లబల్లని భుజాన వేసుకుని తోటకే వెళ్ళేవారు. సిల్వర్ ఓక్ చెట్టుకి మిరియాల తీగ పక్కన బల్ల తగిలించి, తల్లులు పళ్ళు కోస్తుంటే పిల్లలకి ఎక్కాలు చెప్పేవారు. ఏ రోజు ఎవరి తోటలో కోత ఉంటే ఆ రోజు బడి అక్కడ. ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా చీమలు. ఆ చొక్కాలు ఉతికింది నేను కాబట్టి ఆ ఒక్క సాక్ష్యం నా దగ్గర ఉంది.

పుష్యమాసం ముందు మెమో వచ్చింది.

ఆయన దాన్ని అన్నం తినే ముందు ఇచ్చి ఉంటే అన్నం మిగిలేది. తిన్నాక ఇచ్చారు. దీపావళి తర్వాత నుంచి ఒక్క రోజు కూడా హాజరు లేదనీ, తనిఖీకి వెళ్ళిన అధికారికి బడి తాళం వేసి కనిపించిందనీ, ఉద్యోగం నుంచి ఎందుకు సస్పెండు చెయ్యకూడదో జవాబు చెప్పమనీ అందులో ఉంది. తాళం వేసిన బడి ఫొటో కూడా జతచేశారు. ఫొటోలో ఎవరిదో మేక మా ఆయన గడపమీద పడుకుని ఉంది.

"మేం తోటలో ఉన్నాం," అన్నారాయన. అంతే.

ఆయన పడుకున్నాక అత్తగారు నా పక్కకి జరిగి గొంతు తగ్గించారు. "నా కొడుకే అనుకో. అయినా అడుగుతన్నాను. ఆ కొండమీద ఆడికి ఎవులైనా ఉన్నారేటే?"

"ఉన్నారత్తా. ఇరవై మందికి పైగా. అందరికీ చీమిడి ముక్కులే."

"నవ్వులాట కాదే. గవుర్నమెంటు కాగితం మీద అబద్ధం ఎందుకు రాత్తాదే?"

నేను నవ్వాను గానీ ఆ మాట మెత్తగా దిగింది. ఆయన ఫోను తీసి చూశాను. రోజూ పచ్చటి టిక్కు. రోజూ ధన్యవాదాలు. ఫోను ప్రకారం ఆయన బడిలో ఉన్నారు. కాగితం ప్రకారం లేరు. రెండింటిమీదా ఒకే ముద్ర ఉంది.

మర్నాడు ఆదివారం. మా వీధిలోనే ఉండే అనురాధ టీచర్ని కాఫీకి పిలిచాను. ఆవిడ బడి ఊళ్ళోనే, రోడ్డుమీద. సిగ్నల్‌కి లోటు లేదు కాబట్టి కొత్త వెర్షన్ వేసుకోలేదు. ఆవిడ ఫోను, మా ఆయన ఫోను పక్కపక్కన వంటింటి గట్టుమీద పెట్టాను. కవలపిల్లల్లా ఉన్నాయి.

"రెండూ ఒకటే కదా ప్రసన్నా. ఏటి చూడాలి?" అంది అనురాధ.

"తెలీదు. రెండిటికీ ఒకే పని చెప్పి చూద్దాం."

ఆవిడ ఫోన్లో యాప్‌కి ఆవిడ మొహమే చూపించాం. చక్రం తిరిగింది, తిరిగింది. 'వెలుతురు చాలదు' అంది. దీపం వేశాం. 'కళ్ళు ఆర్పండి' అంది. ఆర్పింది. 'మరోసారి' అంది. చివరికి 'మీరు పాఠశాల ఆవరణలో లేరు' అని మొహమ్మీద తలుపు వేసింది.

"చూశావా, ఆదివారం కూడా నన్ను వేపుకు తింటాది," అంది అనురాధ.

ఇప్పుడు మా ఆయన ఫోను. ముందు సిగ్నల్ పూర్తిగా ఆపేశాను. ఎవరి మొహం పెట్టాలా అని చుట్టూ చూశాను. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు. మూల గుమ్మడికాయ ఉంది. బూడిద రంగు పడి, ఒక పక్క కాస్త నొక్కుకుపోయి, దూరం నుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి బుగ్గలాగే ఉంటుంది. గుండ్రటి గీతలో సరిగ్గా సరిపోయింది.

అది కళ్ళు ఆర్పలేదు. యాప్ కూడా అడగలేదు. 'హాజరు నమోదైనది. ధన్యవాదాలు' అంది ఆడగొంతు.

అత్తగారే ముందు తేరుకున్నారు.

"ఓలమ్మ. దీనికి ఉజ్జోగం వచ్చీసినాది."

ఆ తర్వాత గరిటెకి వేశాం, నీళ్ళ బిందెకి వేశాం, అనురాధ మోకాలికి కూడా వేశాం. ఎవరికీ లేదనలేదు. వట్టి బొమ్మ అది. అసలుదాని వేషం వేసుకుని కూర్చుంది, వెనకాల ఏమీ లేదు. పైగా ఫోన్లో ఉన్న నంబర్లన్నీ ఎక్కడికో మోసుకుపోయినట్టుంది. నెల నుంచి మా చుట్టాలందరికీ అప్పు కావాలా అని ఫోన్లు వస్తున్నాయంటే ఎందుకో ఇప్పుడు తెలిసింది.

అసలుదైతే మనల్ని ఏడిపించాలి. ఆ మాత్రం నాకు తట్టి ఉండాల్సింది. ఈ కొండల్లో ఒక్క పిలుపుకి పలికేది ఏదీ లేదు. బస్సు పలకదు, కరెంటు పలకదు, ఆఫీసు అంతకన్నా పలకదు. అడగ్గానే ధన్యవాదాలు చెప్పినప్పుడే అనుమానించాలి.

మా ఆయన వాకిట్లో మోటారుసైకిలు తుడుస్తున్నారు. వెళ్ళి గుమ్మడికాయ హాజరు చూపించాను. చాలాసేపు చూశారు.

"అంటే నేను రోజూ దీనికేనా చెప్పుకున్నది," అన్నారు. మళ్ళీ తుడుచుకోవడం మొదలుపెట్టారు.

సాయంత్రం గణపతిరావు గారు వచ్చారు. రెండో వీధిలో ఉంటారు. నన్ను చెల్లెమ్మా అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. కబురు అప్పటికే అనురాధ ద్వారా చేరింది. కాఫీ తాగారు. గుమ్మడికాయ హాజరు స్వయంగా వేసి చూశారు. గ్లాసు కింద పెట్టారు.

"చెల్లెమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నేను చెప్పక్కర్లేదు. మాస్టారి చేతిలో ఉన్న రుజువల్లా ఆ పచ్చ టిక్కులు. వాటికి విలువ లేదని నువ్వే తేల్చేశావు."

నిజమే. మా ఆయన మీద అనుమానం తీర్చుకోడానికి నేను చేసిన పని ఆయన చేతిలో ఉన్న ఒక్క కర్రనీ విరిచేసింది.

"మరి తోటలో పిల్లలకి పాఠం చెప్పినది?" అన్నాను.

"అది ఇంకా తప్పమ్మా. బడి కట్టినది ఎందుకు? తోటలో చెప్పానని కాగితం మీద పెడితే ఇంకో మెమో వస్తాది." ఆయన మా ఆయన వైపు తిరిగారు. "మేష్టారూ, సుళువు మార్గం చెప్తాను. ఒంట్లో బాగోలేక ఇన్నాళ్ళూ సెలవులో ఉన్నాను, ముందుగా చెప్పలేకపోయాను, క్షమించండి అని రాసి సంతకం పెట్టెయ్యండి. ఉద్యోగం నిలబడతాది. నేను చూసుకుంటాను."

"నేను వెళ్ళాను కదండీ."

"వెళ్ళారు. నేను కాదన్నానా?"

"ఒకసారి పైకి వచ్చి చూడండి. పిల్లల్ని అడగండి."

"ఆ కొండ నేనెక్కగలనా మేష్టారూ. మోకాళ్ళు."

ఆయన వెళ్ళాక మా ఆయన తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. పెన్ను మూత తీశారు. పెట్టారు. అత్తగారు "రాసీరా నాయినా, పీడా పోద్ది" అన్నారు. ఆ చలికాలంలో మా ఇంట్లో అందరం అలిసిపోయి ఉన్నాం. నిజం చెప్పడానికి కావలసినంత ఓపిక ఎవరి దగ్గరా లేదు.

మర్నాడు సంత. సాయంత్రం ఆయన బడి నుంచి వచ్చే వేళకి, రాయిగరువు నుంచి గాసి, అతని పెళ్ళాం సోములమ్మ కాఫీ బస్తాలు దింపుకుని మా ఇంటికి వచ్చారు. గాసి బడి కమిటీలో పెద్ద. మా వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని టీ తాగుతూ సంగతంతా విన్నాడు. సగం విన్నాక టీ చల్లారిపోయింది.

"మాస్టారు రానేదని రాత్తారా?"

"రాయమంటున్నారు," అన్నారు మా ఆయన. కాగితం ఇంకా బల్లమీదే ఉంది.

"రాకపోతే మరి మా పిల్లగుంటల్ని ఇన్నాళ్ళూ ఎవుడు తిట్టినాడు?"

సోములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా పెద్దగుంట పళ్ళు కోత్తా కోత్తా పన్నెండో ఎక్కం సదువుతాది బాబూ. సెవులు సిల్లు పడిపోతన్నాయి. అదెవులు నేర్పినారంటే సెలవులో ఉన్న మాస్టారు అని సెప్పాలేటి?"

మెమో వచ్చాక మా ఆయన నవ్వడం మొదటిసారి విన్నాను.

"మేమందరం జీపెక్కి వచ్చి ఆఫీసుకాడ సెప్తాం," అన్నాడు గాసి.

"కోత మానుకునా?" అన్నారు మా ఆయన.

"ఒక్కరోజుకి పళ్ళు రాలిపోతాయేటి?"

రాలిపోతాయి. కోతకొచ్చిన పళ్ళు ఒక్కరోజు వదిలినా నేలపాలే. అది మా అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. మా ఆయన వద్దన్నారు. వాళ్ళు వెళ్ళాక తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అత్తగారి మందులపెట్టె కింద ఎత్తుకి పెట్టారు.

"నేను సంతకం పెట్టను ప్రసన్నా. సస్పెండు చేస్తే చెయ్యనీ."

ఆయన మాట ఆయనకి బాగానే ఉంది. సస్పెండు అయిన మనిషికి మూడుపూటలా వండిపెట్టి, మాట్లాడకుండా కూర్చుంటే చూస్తూ ఉండాల్సింది నేను. అందుకని నాకు చేతనైన పని నేను చేశాను.

చీకటిపడ్డాక గణపతిరావు గారి ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ నాగలక్ష్మి ఎప్పుడో ఇచ్చిన గిన్నె తిరిగివ్వాలి. ఆయన హాల్లో టీవీ చూస్తున్నారు. గిన్నె ఇచ్చి, వదినతో చలి గురించి మాట్లాడి, గుమ్మం దగ్గర ఆగాను.

"అన్నయ్యగారూ, చిన్న సందేహం. మెమోకి జవాబు నేనే రాసిపెడుతున్నాను. ఆ యాప్ ఎవరు పంపగా వేసుకున్నారో రాయాలి కదా. మీ పేరుకి ముందు ఇంటిపేరు పూర్తిగా రాయనా, పొడి అక్షరం చాలా?"

టీవీ గొంతు తగ్గింది.

"నా పేరెందుకమ్మా?"

"లింకు మీరే పెట్టారు కదా గ్రూపులో. తక్షణం వేసుకొనవలెను అని. ఇంకా ఉంది. నలభై మంది దాకా దణ్ణాలు కూడా పెట్టారు."

"నాకూ ఎవరో పంపినదే చెల్లెమ్మా. మంచిదని పంపాను."

"అయ్యో, ఆ సంగతి నాకు తెలీదా. అదే రాస్తాను. మంచిదని పంపారు అని."

నాగలక్ష్మి వదిన ఆయన్ని ఒక చూపు చూసింది. ఆ చూపు విలువ ఇంకో ఆడదానికే తెలుస్తుంది. గణపతిరావు గారు రిమోటు సోఫామీద పెట్టారు.

"జవాబు అప్పుడే పంపకు. పాడేరు పెద్దాఫీసుకి వెళ్ళి మాట్లాడి వస్తాను," అన్నారు.

మోకాళ్ళు పాడేరు వెళ్ళడానికి పనికొచ్చినట్టున్నాయి. ఎవరితో మాట్లాడారో, ఎలా మాట్లాడారో నాకు తెలీదు. పుష్యమాసం వెళ్ళేలోపే ఉత్తర్వు వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల హాజరు నమోదు కాని మాస్టర్లందరినీ ఆ రోజులన్నిటా విధుల్లో ఉన్నట్టు భావిస్తున్నామనీ, మెమోలు ఉపసంహరించామనీ, ఇకపై పాత యాప్ మాత్రమే వాడాలనీ అందులో ఉంది. కింద మాస్టర్ల పేర్లు. మా ఆయన పేరుకి పైన భీమన్న పేరు.

భీమన్న మాస్టారి బడి పక్క కొండమీద. ఆయన కాపురం అనకాపల్లిలో. కొత్త యాప్ వచ్చిన రోజు నుంచి ఆయన అనకాపల్లిలో మంచంమీద పడుకునే హాజరు వేసుకున్నాడు. ఆ మాట ఆయనే చెప్పేవాడు, దాచుకునే మనిషి కాదు. ఉత్తర్వు వచ్చిన సాయంత్రం బెల్లం దిమ్మతో మా ఇంటికి వచ్చాడు.

"చెల్లెమ్మ చేతిచలవ. నీ పేరు చెప్పి మేం అందరం బతికిపోయాం," అన్నాడు. మా ఆయన భుజం తట్టాడు. "గెలిచాం మేష్టారూ మనం."

"ఆఁ," అన్నారు మా ఆయన.

భీమన్న వెళ్ళాక ఉత్తర్వు మళ్ళీ చదివారు. నేను బెల్లం కొట్టి డబ్బాలో పోస్తున్నాను.

"ఒక్కరూ పైకి వచ్చి పిల్లల్ని అడగలేదు," అన్నారు.

"ఉద్యోగం ఉంది కదండీ."

"ఉంది. నువ్వు బాగా చేశావు."

అంతకన్నా ఆయన నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున్న నేను క్యారేజీ కట్టలేదు. ఆయన లేస్తే కడదామని ఆగాను. లేవలేదు. పొగమంచు విడిచింది, పాలవాడు వచ్చి వెళ్ళాడు, ఎదురింటివాళ్ళు నీళ్ళు పట్టుకున్నారు. దుప్పటి తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఒంటిమీద చెయ్యి వేసి చూశాను. జ్వరం లేదు.

"బడికి వేళయింది," అన్నాను.

"వెళ్ళినా ఒకటే, వెళ్ళకపోయినా ఒకటే అన్నారు కదా. చదివావుగా," అన్నారు దుప్పటిలోంచి.

అత్తగారు తలుపు దగ్గర నిలబడి నన్ను చూశారు. నేను వంటింట్లోకి వచ్చేశాను. బియ్యం కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

అప్పుడు మోగింది ఆయన ఫోను. గాసి. సిగ్నల్ దొరికే రాతిబండ ఎక్కినట్టున్నాడు, అవతల గాలి హోరు, వెనకాల పిల్లల గోల. ఫోను పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళి, స్పీకరు పెట్టి, దిండు పక్కన పట్టుకున్నాను.

"అమ్మా, మాస్టారు ఇంకా రానేదు. ఒంట్లో బాగున్నాదా?"

"బాగానే ఉంది బాబూ."

"ఎప్పుడూ పొద్దెక్కనివ్వరు కదా అని. గుంటలందరూ దారికాడికి వచ్చీసి కూకున్నారు. తోటకి పొమ్మంటే కదలటం నేదు. ఏటి సెప్పమంటారు?"

దుప్పటి కదలడం ఆగింది.

"బయల్దేరిపోయారు," అన్నాను. "ఈపాటికి ఘాటీ ఎక్కుతూ ఉంటారు."

"అలగా. అయితే ఆగుతాం," అన్నాడు గాసి. పెట్టేసే ముందు పిల్లలతో అంటున్నది వినిపించింది. "వచ్చీస్తన్నాడర్రా, పలకలు తియ్యండి."

ఫోను నల్లబడింది. కాసేపటికి దుప్పటి కిందికి జారింది. ఆయన లేచి కూర్చున్నారు. జుట్టంతా రేగిపోయి ఉంది. చెప్పుల కోసం మంచం కింద కాలితో వెతుక్కున్నారు.

"ఘాటీలో ఎక్కడిదాకా వచ్చానని చెప్పావు?" అన్నారు.

"చెప్పలేదు. సగం ఎక్కారనుకోండి."

"సగమా," అని నిట్టూర్చి, స్వెట్టర్ కోసం చెయ్యి చాచారు.